ఏసెయ్ బసవయ్యా

యూరప్‌లో బాస్కెట్‌బాల్ పెద్దలు తమలో తాము కొట్టుకుచస్తే సింగపూర్‌లోని టాంపినీస్‌లో పళ్ళు ఎందుకు రాలాలి? రాలాయి మరి. రెండువేల ఒకటిలో ముగిసిన ఆ సీజన్‌లో, అక్కడి పెద్ద క్లబ్బులు ఒకరంటే ఒకరికి పడక రెండు లీగులుగా చీలిపోయాయి. చివరికి ఇద్దరు చాంపియన్లు తేలారు, ఇటలీ నుంచి బొలోన్యా, ఇజ్రాయెల్ నుంచి టెల్ అవీవ్. ఆ ఇద్దరిలో అసలు మొనగాడెవరో ఎవరూ తేల్చలేదు. వాళ్ళు తేల్చకపోతే మేం తేలుస్తాం అని చాంగీ బిజినెస్ పార్కులోని మన ప్రోగ్రామర్లు నడుం కట్టారు. చేతినిండా పని, జేబునిండా జీతం ఉన్న రోజులు. కొవ్వు ఎక్కడో ఒకచోట కరగాలి కదా!

బొలోన్యా అని పేరు పెట్టుకున్న జట్టుకు కెప్టెన్ జగన్మోహనరావు, తెనాలివాడు. రెండేళ్ళు ఇటలీలో ప్రాజెక్టు చేసి ఈ పిచ్చి అంటించుకొచ్చాడు. ఆయన బొలోన్యా అన్నాడు కాబట్టి, అదే ఆఫీసులో ఆయనంటే గిట్టని శశికాంత్ టెల్ అవీవ్ అన్నాడు. అంతకుమించి కారణం ఏమీ లేదు. ఫ్లాట్ల మధ్య కోర్టులో ఆ ఏడాది పొడుగునా ఆదివారం సాయంత్రాలు వాళ్ళు ఆడింది ఆట కాదు, మోచేతులతో చేసిన యుద్ధం.

ఆ యుద్ధంలోకి బసవయ్యను లాక్కొచ్చింది జగన్మోహనరావే. లిటిల్ ఇండియాలో ఒక కొట్లో, నిచ్చెన లేకుండా పైఅర మీది కందిపప్పు ప్యాకెట్టు తీస్తున్న మనిషిని చూసి ఆయన నోరు తెరిచాడు.

"ఏవయ్యా, ఏ ఊరు మీది?"

"కర్నూలు పక్క సార్. షిప్‌యార్డులో వెల్డింగు."

"బాస్కెట్‌బాల్ ఆడతావా?"

"నాకి ఆట రాదు సార్."

"నీకు ఆటెందుకయ్యా? ఆ ఎత్తు చాలు. బంతి చేతికి రాగానే నా కేక విను. ఏసెయ్ అంటాను, వేసెయ్. అంతే."

తెనాలివాడికి ఏసెయ్ అంటే బంతిని బుట్టలో వెయ్యడం. బసవయ్య ఊళ్ళో ఆ మాట మనిషిని చంపెయ్యమని. ఒక ఎండపూట బస్సుల దగ్గర తన ముఠా పెద్దాయన ఆ ఒక్క మాటే అన్నాడు, బసవయ్య వేసేశాడు. సాక్షులు లేక కోర్టు కేసు కొట్టేసింది గానీ, చచ్చినవాడి కొడుకులు కొట్టెయ్యలేదు. వేటకొడవళ్ళు నూరుకుని బసవయ్య కోసం ఇప్పటికీ కాచుకునే ఉన్నారు. అందుకే బసవయ్య సింగపూర్‌లో తలొంచుకుని బతుకుతున్నాడు. ఇక్కడ ఒకడి మీద చెయ్యి చేసుకుంటే పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే ఊరు, ఊరంటే చావు. ఈ లెక్క వాడికి బాగా తెలుసు.

అయినా ఆటకు వెళ్ళాడు. ఆదివారం పూట తెలుగు మాట, జగన్మోహనరావు భార్య అరుణ పెట్టే పులిహోర, పక్కన కూర్చోబెట్టుకుని 'మా బసవయ్య' అనే నలుగురు మనుషులు. ఎవరికి చేదు? కేక వినబడ్డప్పుడల్లా 'బంతిని' అని మనసులో ఒక మాట కలుపుకోవడం నేర్చుకున్నాడు. ఏసెయ్! బంతిని. ఏసెయ్! బంతిని. అలా సీజనంతా గండం గడిచింది.

ఆఖరి ఆదివారం బొలోన్యాకూ టెల్ అవీవ్‌కూ తేలాల్సిన రోజు. శశికాంత్ మొదటినుంచీ బసవయ్య డొక్కలో మోకాలితో పొడుస్తూనే ఉన్నాడు. "లేబర్‌గాడివి నీకెందుకురా ఆట?" అని చెవిలో అన్నాడు. బసవయ్య పళ్ళు బిగించాడు. బొలోన్యా జట్టులోని గణపతి అనే కుర్రాడి ముక్కు పగిలి చొక్కా ఎర్రబడింది. రెఫరీ రామారావు ఈల ఊదీ ఊదీ విసిగి ఊరుకున్నాడు. పాయింట్లు సమానం. బుట్ట కింద బంతి బసవయ్య చేతికొచ్చింది. అప్పుడే శశికాంత్ మోచెయ్యి వాడి మూతి మీద పడింది.

ఒక పన్ను ఊడింది. నోట్లో ఉప్పటి రక్తం. బంతి జారి పక్కనే ఉన్న గణపతి చేతుల్లో పడింది.

"ఏసెయ్! ఏసెయ్!" జగన్మోహనరావు గొంతు చించుకున్నాడు, గణపతిని చూస్తూ. కోర్టు చుట్టూ ఉన్నవాళ్ళంతా అందుకున్నారు. "ఏసెయ్!"

బసవయ్య అలవాటుగా చేతులకేసి చూసుకున్నాడు. చేతుల్లో బంతి లేదు. ఎదురుగా శశికాంత్ ఉన్నాడు.

మొదటి దెబ్బకే శశికాంత్ దవడ విరిగింది. కింద పడ్డవాణ్ణి జుట్టు పట్టి సిమెంటు నేలకేసి బాదాడు, మళ్ళీ బాదాడు. అడ్డొచ్చిన రామారావు చెయ్యి మెలితిరిగింది. నలుగురు మీదపడ్డా ఆ మనిషి ఆగలేదు. శశికాంత్ కన్ను రక్తంలో కనబడకుండా పోయింది, కాళ్ళు తన్నుకోవడం మానేశాయి. అప్పుడు బసవయ్య నింపాదిగా లేచి జగన్మోహనరావు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏసినా సార్."

"బంతిని రా!" జగన్మోహనరావు ఏడ్చినంత పనిచేశాడు. "బంతిని ఏసెయ్ అన్నాన్రా, గణపతితో!"

బసవయ్యకు అప్పుడు అర్థమైంది. అక్కడే చతికిలబడ్డాడు.

ఆంబులెన్స్ వచ్చి, కొనఊపిరితో ఉన్న శశికాంత్‌ను ఎత్తుకుపోయింది. వెనకే వచ్చిన పోలీసుల్లో ఒకాయన తమిళుడు, కాస్త తెలుగు వచ్చు. "ఎవరు కొట్టమన్నది?" అని అడిగాడు. జగన్మోహనరావు ముఖంలో నెత్తురుచుక్క లేదు. భార్య వెనక్కి జరిగాడు.

ఉప్పు తిన్న మనిషి పేరు పోలీసుల ముందు చెప్పడం బసవయ్య ఊళ్ళో చావుకన్నా సిగ్గు.

"ఎవురూ సెప్పల్యా సార్. నేనే ఏసినా."

జగన్మోహనరావు గట్టిగా ఊపిరి వదిలాడు. అది బసవయ్యకూ వినబడింది. నోరు తెరిచి ఒక్క ముక్క చెబుతాడేమోనని అరుణ మొగుడి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆయన చెప్పలేదు, ఛీ!

చేతులకు సంకెళ్ళు పడ్డాక బసవయ్య మెల్లగా అడిగాడు. "నన్ను ఊరికి తోలుతారా సార్?"

"ముందు జైలు. తర్వాత మీ ఊరికి," అన్నాడు పోలీసాయన.

బసవయ్య సంకెళ్ళ చేతులతోనే ఆయన కాళ్ళమీద పడ్డాడు.

"ఎన్నేండ్లయినా జైల్లోనే పెట్టుకోండి సార్. ఊరికి మాత్రం తోలొద్దండి."