ఫొటో బస్తాలు

మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. తనిఖీకొచ్చి ఫొటోలు తీసుకున్న సార్ల జీపు సందు మలుపు తిరిగిందో లేదో, మేస్త్రి బంగారయ్య ట్రాలీ ఆటోని సైటులోకి రమ్మని చెయ్యి ఊపాడు. చిన్నమ్మలు పొద్దుటి నుంచి నడుం విరిగేలా మోసి, తవ్వకం అంచున వరసగా పేర్చిన ఇసక బస్తాలన్నీ ఇప్పుడు మళ్ళీ ఆ ఆటో ఎక్కాలి.

అనకాపల్లిలో ఆ కొండవాలు తవ్వి అపార్టుమెంటు కట్టడానికి పర్మిషన్ ఊరికే ఇవ్వలేదు. తవ్విన మట్టి వానకి జారి కింది ఇళ్ళ మీదా, కాలవలోనూ పడకుండా అంచున బస్తాల కట్ట ఉండాలన్నారు. పని అయ్యేదాకా ఉండాలన్నారు. కాంట్రాక్టరుకి ఊళ్ళో ఇంకా రెండు సైట్లున్నాయి, బస్తాలు మాత్రం ఒక్కదానికి సరిపడానే కొన్నాడు. తనిఖీ ఎక్కడుంటే అవి అక్కడికి వెళ్తాయి. కూలీలు వాటికి ఫొటో బస్తాలని పేరు పెట్టారు. సార్లకి అవి ఏ సైటులో చూసినా కొత్తగానే కనబడతాయి కాబోలు.

చిన్నమ్మలు ఇల్లు సరిగ్గా ఆ తవ్వకం కిందనే ఉంది. కిందటి వానకి ఎర్రమట్టి గుమ్మం దాటి వచ్చి పొయ్యి నింపేసింది. సందులోని బోరింగు నీళ్ళు చెడిపోయి, అవి తాగిన కూతురు హాసిని వాంతులతో ఆస్పత్రి పాలైంది. ఆ వానకి ముందురోజు బస్తాలు తీసి ఆటో ఎక్కించింది చిన్నమ్మలే, కూలీ మీద ఇంకో వంద ఇస్తానంటే. అయినా నోరారా తిట్టింది మాత్రం తోటికోడలు లావణ్యని.

తిట్టదా మరి? లావణ్య మొగుడు, మరిది నూకరాజుకి రాత్రి కాపలా పని ఇచ్చి, సైటు పక్కన గది ఇచ్చారు. రేకుల గదే గానీ కింద గచ్చు ఉంది, పైన ఫ్యాను ఉంది, గుమ్మంలోనే కుళాయి ఉంది. నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన పిల్లకి గచ్చూ, పెద్దకోడలికి బురదా! తను ఇంట్లో మట్టి ఎత్తిపోసుకుంటుంటే ఆ మహాతల్లి పైన నిలబడి తీరిగ్గా తల దువ్వుకునేది. ఆ ఫ్యాను చప్పుడు కిందికి వినబడదు, చిన్నమ్మలుకి మాత్రం రాత్రంతా వినబడేది. మేస్త్రికి టీలు మోసి సంపాదించిన గది అని సందంతా చెప్పింది కూడా.

బంగారయ్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"బేగి ఎక్కించీ సిన్నమ్మలూ, రేపు సార్లు ఆ రెండో సైటుకొత్తారు. మరో మాట. రేపట్నించి ఆ గది మీదే. మీ ఆయన్ని కాపలాకి రమ్మను."

చిన్నమ్మలు ఎత్తబోయిన బస్తాని వదిలేసింది. సంతోషంతోనే. ఫ్యాను కింద హాసిని పడుకున్నట్టు కళ్ళకు కట్టింది. దాని కంటే ముందు, లావణ్య సామాను మోసుకుని దిగిపోవడం కళ్ళకు కట్టింది. అది చూడ్డానికే గది దగ్గరకి వెళ్ళింది.

లావణ్య గిన్నెలు మూట కడుతోంది. ఏడుస్తూ ఉంటుందనుకుంది గానీ కళ్ళు పొడిగానే ఉన్నాయి. మేస్త్రి ఎందుకు పొమ్మన్నాడని అడిగితే తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"సార్లెల్లగానే నన్నూ బస్తాలెత్తమని రాత్రి సెప్పేడు. ఎత్తనన్నాను. మొన్న మీ ఇంట్లోకి మట్టెల్తంటే ఇక్కడ్నించి సూసేనక్కా. మళ్ళీ సూడలేను." మూట ముడి బిగించి, "నీకోసం కాదులే, నీ నోరు నాకెరికే. పాప కోసం," అంది.

చిన్నమ్మలుకి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఒళ్ళు మండింది. గదీ దీనికే, ఫ్యానూ దీనికే, ఆఖరికి ఈ మంచితనం కూడా దీనికేనా? తను వందకి తీసిన బస్తాల్ని ఇది గది పోతుందని తెలిసీ తియ్యనంది. తన కూతురి కోసం తను అనాల్సిన మాట, తనకంటే ముందు ఇది అనేసింది. గది మీద కూడా ఇంత కుళ్ళు పుట్టలేదు చిన్నమ్మలుకి.

విసురుగా బయటికొచ్చింది. చినుకులు మొదలయ్యాయి. ఆటోలో అప్పటికే ఎక్కించిన బస్తాని కిందికి లాగి, అంచున ఖాళీలో పడేసి, దాని మీద చతికిలబడింది.

బంగారయ్య అదిరిపోయి, గది అక్కర్లేదా అని అడిగాడు.

"గది కావాల. ఫ్యానూ కావాల," అంది చిన్నమ్మలు. "బస్తాలు మాత్రం ఎత్తను. ఎత్తనివ్వను."

బంగారయ్య కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తూ పక్కకి వెళ్ళాడు. ఆటో ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది. వాన పెరిగింది. పైనుంచి ఎర్రగా దిగిన నీళ్ళు బస్తాల దాకా వచ్చి నిలిచాయి. లావణ్య మూట అరుగు మీద వదిలేసి వచ్చి, అదే బస్తా మీద కూర్చోబోయింది.

"ముందు కూకున్నది నాను," అంది చిన్నమ్మలు, జరిగి చోటిస్తూ.