మొదటి పిడికిలి

మా అమ్మ భీమమ్మ పోయిన పన్నెండో రోజు ఆదివారం. కుండ వాపసు తీసుకోవడానికి బిచ్చయ్య మామ యాలాల్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఆయన మా ప్రార్థన సంఘానికి పెద్ద.

సంఘంలో ఇంటికొక కుండ ఉంటుంది. ఎసరు పెట్టేముందు పిడికెడు గింజలు అందులో పోయాలి. నెలకోసారి వాటిని తీసుకుపోయి లేనివాళ్లకు పంచుతారు. "మొదటి పిడికిలి దేవునిది. అది ఆజ్ఞ," అనేది అమ్మ.

వండే ఆడమనిషి లేని ఇల్లు కుండ తిరిగి ఇచ్చేయడం వాడుక. ఇస్తామని నేనే చెప్పి పంపాను. నాకు వికారాబాద్ బడిలో పంతులు ఉద్యోగం. ఇంట్లో ఇక నాయిన బాలప్ప ఒక్కడే. ఆయన ఆ కుండను నలభై ఏళ్లు వెక్కిరించిన మనిషి. "నీ దేవునికి పండ్లున్నయా, జొన్నలు నములుతందుకు?" అనేవాడు.

అమ్మను మట్టిలో పెట్టినప్పుడు నాకు ఏడుపు రాలేదు. చేయాల్సిన పనులు ఒకటొకటిగా చేశాను. ఇది ఆఖరుది.

కుండ ఎత్తాను. బరువుగా ఉంది. అమ్మ పోవడానికి ముందురోజే సంఘంవాళ్లు దాన్ని ఖాళీ చేసుకుపోయారు. మూత తీస్తే మెడదాకా జొన్నలు.

"ఎవరు పోసిన్రు నాయినా?"

నాయిన పొయ్యి ముందు కూచొని జొన్న గటక కలుపుతున్నాడు. "నేనే."

బిచ్చయ్య మామ కుండలోకి తొంగిచూశాడు. "పన్నెండు దినాలకు గింత గాదే బాలప్పా. దోసిళ్లతోని పోసినవా?"

"నా చెయ్యి జర పెద్దది."

"ప్రార్థనకే రానోనివి, నీకెందుకే గీ ఫికర్?"

"నలభై ఏండ్లు చెప్పింది. ఒక్కనాడు ఇన్లే. ఇప్పుడు పొయ్యి ముట్టియ్యంగనే ఆమె మాట యాదికొస్తది."

"మరి దేవుని కోసం పోస్తున్నవా, భీమమ్మ కోసమా?"

"గదంత నాకు తెల్వది. మొదలు పొయ్యాలె అన్నది. పోస్తున్న."

మామ గింజలు సంచిలోకి ఒంపుకొని, ఖాళీ కుండను నాయిన పక్కన పెట్టాడు. "నీ బండి టైమయితున్నది, పో బీయే సారూ," అన్నాడు నాతో.

తాండూరులో రైలెక్కి పొద్దుగూకే వేళకు వికారాబాద్ గదికి చేరాను. అప్పటికీ నాకేమీ అనిపించలేదు. స్టవ్ వెలిగించి బియ్యం తీశాను. కడగబోయి ఆగాను. గదిలో కుండ లేదు. సుద్దముక్కల ఖాళీ డబ్బా ఒకటి ఉంటే, దులిపి అందులో ఒక పిడికెడు పోశాను.

తరువాత ఎసరు పెట్టాను.