రాసినవి తీసేయండి

పోస్టు పెట్టి ఇరవై నిమిషాలైనా కాలేదు, అప్పుడే ఏడు కామెంట్లు. కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో లెన్సు అంచు అరగదీస్తున్న అమ్మాయి మళ్లీ ఫోను తీసి చూసింది. తొమ్మిదయ్యాయి.

ఆరు నెలలు పని నేర్పిన యువకేంద్రం వాళ్లు ఆ పోస్టులో ఆమె ఫొటో కింద రాశారు: తండ్రి లేని పిల్ల, చదువు మానేసింది, మా శిక్షణతో నిలదొక్కుకుంది. దుకాణంలో మాత్రం తన బాబాయి కొట్లో పని నేర్చుకున్నానని చెప్పుకుంది. కేంద్రం పిల్లాడని తెలిశాక ఆమె బ్యాచ్‌లోని పొట్టోణ్ణి మొదటి కొట్లో వారం కూడా ఉంచుకోలేదు మరి. ముందుగదిలో ఓనరు భార్యకి పొద్దస్తమానం ఫోనే లోకం. కామెంట్లు పెరిగేకొద్దీ ఆ పోస్టు పేటలో అందరి ఫోన్లలోకీ ఎక్కుతుంది.

ఎవరికి పని దొరికినా గంటలోగా బ్యాచంతా కామెంటు పెట్టాలన్న నియమం ఆమె చేసిందే. పొట్టోడికి మెకానిక్ షెడ్డులో పని దొరికిన రోజు ఒక్కొక్కరి వెంటపడి మరీ రాయించింది.

"ఎవరూ రాయొద్దు, రాసినవి తీసేయండి" అని బ్యాచ్ గ్రూపులో పెట్టింది. వెంటనే ఫోను మోగింది. బ్యాచంతా లాయరమ్మ అని పిలిచే స్నేహితురాలు.

"ఏమే, ఉద్యోగం రాగానే మేమంటే నామోషీనా?"

"మీరు కాదే. ఆ రాత."

"ఆ రాతలో ఉన్నది మేం కాదా? నాకు మాత్రం నాన్న ఉన్నాడా?" అని ఫోను పెట్టేసింది.

కామెంట్లు తగ్గసాగాయి. ఆరు, రెండు, ఆఖరికి ఒక్కటీ లేదు. గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు, రోజూ పిచ్చి జోకులతో ప్రాణం తీసే పొట్టోడు కూడా. అడిగిందే జరిగింది కదా అనుకుంటూ లెన్సు అందుకుంది. ఫ్రేములో నిలవలేదు. పరధ్యానంలో ఎక్కువ అరగదీసేసింది.

చేతులు తుడుచుకుని పోస్టు కింద తనే రాసింది: "మా నాన్న ఉన్నాడు, మమ్మల్ని వదిలి వెళ్లాడు. నేను చదువు మానలేదు, మాన్పించారు. పని నేర్చుకున్నది కేంద్రంలో, నా బ్యాచ్‌తో." రెండుసార్లు చదివి, ఒక అక్షరం దిద్ది, పంపింది.

నిమిషంలో లాయరమ్మ కామెంటు వచ్చింది. వెనకే పొట్టోడిది, తర్వాత వరసగా మిగతావాళ్లవి. బల్లమీద ఫోను ఆగకుండా అదురుతోంది.

ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అంది ఓనరు భార్య.

పాడైన లెన్సును చెత్తబుట్టలో వేయబోయి ఆగింది. దాన్ని చేత్తో పట్టుకునే ముందుగదిలోకి నడిచింది.