చిన్న పెట్టెలో సరిహద్దు

సరిహద్దు మళ్లీ దూసుకుపోయింది. ఎందుకో ఈసారి ఆమెకు సంతోషం కలగలేదు.

ఆమె కంప్యూటరు తెరమీద ఒక లోహపు ముక్క. అందులో సగం పరమాణువులు ఏటవాలుగా, సగం నిటారుగా నిలబడ్డాయి. వేడి తగిలితే ఏటవాలువి వరుస వెంట వరుస నిటారువైపు ఫిరాయిస్తాయి. ఆ రెంటి నడిమి గీతే సరిహద్దు. అదెంత జోరుగా జరిగితే, ఈ లోహంతో అన్నయ్య చేయబోయే వాల్వు అంత త్వరగా మూసుకుంటుంది. బాయిలరు పక్కన పనిచేసేవాళ్లకు ఆ త్వరే ప్రాణం.

అన్నయ్య వాల్వుల కంపెనీలో డిజైనరు. పని పడితే తప్ప ఫోన్ చేసే మనిషి కాదు. ఈ లెక్క మొదలైనప్పటినుంచీ రోజూ చేస్తున్నాడు. "ఏమ్మా కాపరీ, నీ మంద ఎందాకా వచ్చింది?" అని ఆమె పరమాణువుల గురించి మొదలుపెట్టి పిల్లల చదువులు, వదిన నడుంనొప్పి దాకా వెళ్లేవాడు. ఆ కాసేపటి కోసం ఆమె మిగతా రోజంతా తన గదిలో నోరు విప్పకుండా గడిపేసేది. వేగం బ్రహ్మాండంగా ఉందని మొన్న చెబితే చిన్నపిల్లాడైపోయాడు. రేపు ఆ అంకె మీదే వాల్వు ఖాయం చేస్తారట.

కానీ అంత జోరు ఎక్కడిది?

కంప్యూటరులో లోహం మొత్తం పట్టదు. పెట్టెడు పరమాణువులు తీసుకుని, చుట్టూ అలాంటి పెట్టెలే అంతులేకుండా ఉన్నాయనుకుని లెక్క కడతారు. ఒక గోడలోంచి బయటికి పోయింది ఎదుటి గోడలోంచి లోపలికొస్తుంది. పెట్టె మరీ ఇరుకైతే, పక్క పెట్టెలోని తన నకలే సరిహద్దును లాగేస్తుంది.

పెట్టె పొడవు రెట్టింపు చేసింది. సరిహద్దు నత్తనడక పట్టింది. ఇంకా పెంచింది. నడిమధ్యన చతికిలబడింది.

ఇన్నాళ్లూ దాన్ని లాగింది వేరెవరో కాదు, అదే.

ఫోన్ మోగింది. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే రేపు గడిచిపోతుంది. ఎల్లుండి కూడా ఫోన్ మోగుతుంది. మంద కబుర్లూ ఉంటాయి. ఆమె ఫోన్ ఎత్తింది.

"అన్నయ్యా, ఆ అంకె వాడొద్దు. పెట్టె చాల్లేదు. పొరపాటు నాదే."



"మరి అసలు వేగమెంత?"

"పెద్ద పెట్టెలో తేలాలి. నెలలు పట్టొచ్చు. తేలినా ఈ లోహం నీకు పనికిరాకపోవచ్చు."

"సరేలే, ముందే చెప్పావు, నయం. తేలాక నువ్వే ఫోన్ చెయ్యి."

వదిన నడుం ఎలా ఉందని అడిగేలోపే పెట్టేశాడు.

మర్నాడు ఆ వేళకు ఆమె ఫోనును కీబోర్డు పక్కన పెట్టుకుంది. అది మోగలేదు. తెరమీద ఒక వరుస నిటారుగా లేచి, కాసేపు నిలబడి, మళ్లీ ఒరిగిపోయింది. ఆమె పెట్టెను ఇంకాస్త పెంచి లెక్క మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది.