లార్చ్ హౌస్ పేజీ

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి గ్వెన్ టీలో పాలు పోసుకుని, కౌంటీ కౌన్సిల్ పిల్లల సేవల పాత పేజీలను వరసగా తెరవడం మొదలుపెట్టింది. మూతపడే ప్రభుత్వ వెబ్‌సైట్లను భద్రపరచడం, ప్రతి పేజీ పైనా "ఇది పాత ప్రతి, ఈ సేవ ఇప్పుడు లేదు" అని ఎర్ర పట్టీ పెట్టడం ఆమె ఉద్యోగం. పట్టీ లేకపోతే జనం పాత నంబర్లకు ఫోన్ చేస్తారు. చేస్తే అవతల, మూతపడ్డ చోట, ఎవరో ఎత్తుతారు; వెళ్తే తలుపు తెరుస్తారు. పట్టీ పడ్డాక ఫోనూ మోగదు, తలుపూ ఉండదు.

లార్చ్ హౌస్ పేజీకి పట్టీ పెట్టడం ఆమె మరిచిపోయింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను పగటిపూట చూసుకునే ఆ భవనాన్ని ఆరేళ్ళ కిందట కూల్చేశారు. ఇప్పుడక్కడ సూపర్ మార్కెట్ వాళ్ళ కార్లు ఆగుతాయి. పేజీలో మాత్రం ఆడుకోవడానికి ఇసుక నింపిన బల్ల చుట్టూ నలుగురు పిల్లల ఫొటో అలాగే ఉంది. మొన్న చలికాలంలో షోనా అనే ఆవిడ ఆ నంబరుకు ఫోన్ చేస్తే, ఐరిస్ అనే పెద్దావిడ ఎత్తి, "తీసుకురా తల్లీ, బల్ల దగ్గర ఇంకొకడికి చోటుంది" అంది. అప్పటినుంచి షోనా కొడుకు రూబెన్ ఆ కార్ల మధ్య, ట్రాలీల పక్కనున్న తలుపులోంచి లోపలికి వెళ్ళి, సాయంత్రం గోళ్ళలో ఇసుకతో తిరిగొస్తున్నాడు. మాటలు రాని పిల్లాడు. కౌన్సిల్ వెయిటింగ్ లిస్టులో మూడేళ్ళుగా ఉన్నాడు.

టీ పూర్తికాకముందే కౌన్సిల్ నుంచి కీత్ ఫోన్ చేశాడు.

"గ్వెన్, లార్చ్ హౌస్‌కి పట్టీ ఏదీ? మేం మూసేసిన చోటికి పిల్లాడెవడో పోతున్నాడట. పేపరువాళ్ళు అడిగితే ఏం చెప్పుకోను?"

"వాడికి వేరే చోటు చూపించొచ్చుగా?"

"చోటుంటే అది మూసేవాళ్ళమా? ఈ వారంలో పెట్టెయ్."

గ్వెన్ షోనాకు ఫోన్ చేసి పట్టీ సంగతి చెప్పింది.

"వాడు ఎవరికి అడ్డొచ్చాడండీ?" అంది షోనా. "అక్కడ నవ్వుతాడు వాడు. ఇంట్లో ఎప్పుడైనా నవ్వాడా అని అడగండి నన్ను."

"నా చేతుల్లో లేదు షోనా."

"పెట్టేది మీ చేతులే కదా."

పట్టీ ఏ రోజు పెడుతుందో గ్వెన్ చెప్పేలోపే షోనా ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అప్పుడు గ్వెన్ ఇలాంటి ఉద్యోగంలో ఎవరైనా చేసే పనే చేసింది. పేజీ చదివింది. లార్చ్ హౌస్ సోమవారం నుంచి గురువారం వరకే తెరిచి ఉంటుందని అందులో ఉంది. లోపల పిల్లలెవరూ ఉండరని శుక్రవారం దాకా ఆగి, పట్టీ పెట్టింది.

సోమవారం ఆఫీసు తెరిచేసరికే షోనా వచ్చింది. కోటు విప్పలేదు, కూర్చోలేదు. తనకు శుక్రవారం కూడా డ్యూటీ పడిందనీ, "నీ వాడి కోసం ఆ ఒక్కరోజూ నేను తెరుస్తాలే" అని ఐరిస్ అందనీ చెప్పింది. ఆ మాట ఏ పేజీలోనూ లేదు. శుక్రవారం లోపలికెళ్ళిన రూబెన్ ఇంటికి రాలేదు.

గ్వెన్ పేజీ తెరిచింది. ఎర్ర పట్టీ కింద, ఇసుకబల్ల చుట్టూ ఐదుగురు. ఐదోవాడు నవ్వుతున్నాడు.

ఆ సాయంత్రమే తెలిసింది, కౌన్సిల్ రూబెన్ పేరును వెయిటింగ్ లిస్టులోంచి తీసేసిందని. కారణం: చోటు దొరికింది.