ఆకుపచ్చ గడి

రొట్టెల పిండి కలుపుతుంటే మా ఆయన సుభానీ నా ఫోన్ చూస్తూ అన్నాడు: "మీ హాస్పిటల్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఇయ్యాల టీమొచ్చిద్దంట, యూనిఫాం ఇస్త్రీ చేసుకొని రావాలంట." నా ఫోన్‌కి పాస్‌వర్డ్ పెట్టింది ఆయనే. ముందు ఆయన చదువుతాడు, తర్వాత నాకు చెబుతాడు. పెళ్ళయిన కొత్తలో అది ప్రేమనుకున్నాను. "ఆ టాబ్‌లొచ్చినాక నీకు పనేముందే, వేలితో గీకడమేగా" అని నవ్వాడు. "గీకొచ్చి ఇంట్లో నడుం నొప్పంటుద్ది" అంది లోపల్నుంచి మా అత్త ఖాతూన్ బీ. నా సంగతి ఎవరైనా నన్నడిగినా ఈ ఇంట్లో జవాబు వాళ్ళే చెబుతారు. కిందటి రంజాన్ నెలలో నాకు గర్భం పోయినప్పుడూ అంతే. చూడ్డానికొచ్చిన చుట్టాలతో మా అత్త "దానికేం, బానే ఉంది" అంటుంటే పక్క గదిలో పడుకుని విన్నాను. వినీ వినీ కాసేపు నేను కూడా నమ్మాను.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, బాలింతల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. అక్కడ కేస్ షీట్లు తీసేసి అన్నీ టాబ్‌లోకి మార్చారు. వేళకి బీపీ ఎక్కించకపోతే స్క్రీన్ మీద ఆ మంచం గడి ఎర్రగా మారుతుంది. ఎర్ర గళ్ళు ఎక్కువైపోతే ఇంకో నర్సుని పెట్టుకోలేదు. మేనేజర్ రవిశంకర్ గారు కంపెనీ వాళ్ళతో మాట్లాడి సాఫ్ట్‌వేర్ మార్పించారు. కొత్త అంకె వేయకపోతే పాత అంకే మళ్ళీ పడుతుంది. గడి ఆకుపచ్చగా ఉంటుంది. కింద డ్యూటీలో ఉన్న సిస్టర్ పేరుంటుంది.

"సార్, చూడని బీపీ నా పేరు మీద పడుతోంది" అని ఒకసారి అడిగాను.

"డిజిటల్ స్కోర్ ముఖ్యమమ్మా. తీరిక దొరికినప్పుడు చూసి మార్చుకో. ప్రతిదానికీ భయపడితే ఎట్టా?"

రెండోసారి అడగలేదు. ఊరుకోవడం ఇంట్లో బాగా నేర్చుకున్నాను. కానీ ఆ రోజు నుంచి వార్డులోకి అడుగుపెడితే ఎరుపు కంటే ఆకుపచ్చకే ఎక్కువ భయపడ్డాను.

ఆసుపత్రి ఎంత డిజిటల్ అయిందో చూసి గ్రేడు ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి వచ్చారు ఆ టీమ్ వాళ్ళు. టాబ్ వాడి చూపించమని నన్ను వార్డులోంచి మీటింగ్ హాల్‌కి పిలిచారు. గోడ మీద పెద్ద స్క్రీన్ నిండా ఆకుపచ్చే. వాళ్ళలో హిమజ అనే ఆవిడ నన్నే చూస్తూ, "ఒక్కరే ఇన్ని రీడింగులు టైంకి ఎలా వేస్తున్నారు సిస్టర్?" అని అడిగింది.

"అలవాటైపోయింది మేడం, బానే ఉంది" అన్నారు రవిశంకర్ గారు.

అప్పుడే గుమ్మంలోకి కోటేశ్వరమ్మ వచ్చింది. మాచవరం ఆవిడ. కూతురు బిందుకి ముందు రోజే ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు.

"సిస్టరమ్మా, పిల్ల తల పగిలిపోతందంటంది. కళ్ళ ముందు మెరుపులంట. ఒకసారి రా తల్లీ."

"వస్తారమ్మా, మీటింగ్ అవుతంది. పోయి కూర్చో" అన్నారు రవిశంకర్ గారు.

స్క్రీన్ మీద బిందు గడి చూశాను. పచ్చగా ఉంది. టాబ్ బల్ల మీద పెట్టేసి, ఎవరినీ అడక్కుండా పరిగెత్తాను.

బిందు మొహం ఉబ్బి ఉంది. బీపీ నూట డెబ్భై బై నూట పది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "ఇందాకేగా ఫోన్‌లో చూశాను, నార్మలే ఉందే" అంది. "అది ఎవరూ చూసిన బీపీ కాదు మేడం, త్వరగా రండి" అన్నాను. ఆవిడ వచ్చేలోపే ఫిట్స్ మొదలయ్యాయి. బిందుని పక్కకి తిప్పి పట్టుకున్నాను. పసిబిడ్డని గుండెకదుముకుని కోటేశ్వరమ్మ గోడకి అంటుకుపోయింది. 

డాక్టరమ్మ వచ్చి ఇంజెక్షన్ చేసింది. గుంటూరు తీసుకెళ్ళాలంది. అంబులెన్స్ వచ్చేలోపు రవిశంకర్ గారు నన్ను తన గదిలోకి పిలిచి తలుపేశారు.

"వేళవేళకీ నువ్వు బీపీ చూసినట్టే సిస్టంలో ఉంది. ఉన్నట్టుండి పెరిగింది, మనమేం చేస్తాం? ఎవరడిగినా ఇదే మాట. ఇంకోటి చెప్పావంటే ముందు పోయేది నీ నర్సు రిజిస్ట్రేషనే." గొంతు తగ్గించారు. "మీ ఆయనతో ఇప్పుడే ఫోన్‌లో మాట్లాడాను. మంచోడు, అర్థం చేసుకున్నాడు."

నా గురించి ఇద్దరూ ముందే తేల్చుకున్నారు. నేను తలూపడం ఒక్కటే మిగిలింది. తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

అంబులెన్స్‌లోకి బిందుని ఎక్కించారు. కోటేశ్వరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దుటి నుంచీ బానే ఉందని ఆ గోడ మీద టీవీలో పడతానే ఉందంటగా సిస్టరమ్మా. మరి ఇట్టా ఎందుకయిందమ్మా?"

వెనక రవిశంకర్ గారు నిలబడి ఉన్నారని తెలుసు.

"పొద్దుటి నుంచి మీ అమ్మాయి బీపీ ఎవరమూ చూడలేదమ్మా. మిషనే పాత అంకె వేసుకుంటా పోయింది."

"హఫ్సా!" అన్నారాయన.

"గుంటూరు డాక్టర్లకి ఇవన్నీ నేనేం చెప్పగల్ను తల్లీ?" అంది కోటేశ్వరమ్మ.

"మీరెందుకు, నేనే చెబుతాను" అని బండెక్కి తలుపు లాక్కున్నాను. బిందు ఇంకా కళ్ళు తెరవలేదు.