హరికృష్ణ ఇంటి వంకాయలు

ఎమ్మిగనూరులో హరికృష్ణకు పురుగుమందుల అంగడి ఉంది. తెగులు సోకిన ఆకు తుంచుకొని రైతు గడప తొక్కితే చాలు, డాక్టరు కంటే వేగంగా మందు తీసిస్తాడు. "ఇన్ని మందులు కొట్టింది తింటే రోగాలొస్తాయంట గదన్నా" అని ఎవరైనా నసిగితే నవ్వేవాడు. "కడుక్కొని తింటే ఏం కాదప్పా. సేంద్రియమని కూసుంటే పురుగులు బలుస్తాయి, నువ్వు ఎండుతావు."

ఆదోనిలో రక్తపరీక్ష చేయించుకున్న రోజు ఆ నవ్వు ఆగింది. షుగరు ఉందన్నారు. డాక్టరు రోజూ నడవమన్నాడు, అన్నం తగ్గించమన్నాడు. ఆ రెండూ హరికృష్ణ చెవికెక్కలేదు. తప్పంతా కూరగాయల మీద కొట్టే మందులదేనని తీర్పు చెప్పుకున్నాడు.

నందవరం నుంచి కూరగాయల గంప తెచ్చే దేవక్కను పిలిచి, "మా ఇంటికి మాత్రం మందు కొట్టనివి తేవాల. నువ్వు సెప్పిందే రేటు" అన్నాడు.

దేవక్క నాలుగు సాళ్లు వేరుగా పెంచి వంకాయలు తెచ్చింది. కోస్తే లోపల పురుగు కదిలింది. హరికృష్ణ భార్య ప్రేమలత గంపను వెనక్కి నెట్టింది. "ఇంత రేటు పెట్టి పురుగులు కొనాల్నా దేవక్కా? సక్కటివి తే."

ఆ తర్వాత వచ్చిన కాయలు అద్దాల్లా మెరిశాయి. హరికృష్ణ తృప్తిగా తిన్నాడు. ఒళ్లు తేలికపడిందని అంగట్లో చెప్పుకోలేడు కనుక, ఉరుకుంద ఈరన్న గుడికి పోయినప్పుడు కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఒకనాడు దేవక్క అంగడికే వచ్చింది.

"అప్పా, కాయ తొలిచే పురుగుకు మందియ్యండి."

"దేనికి?"

"వంకాయ సాళ్లకు. పోయినసారి పక్కంగట్లో తీసుకుంటి, సరిగా పనిచెయ్యలేదు. మీ మందే మంచిదంటాండారు."

హరికృష్ణ గొంతు తగ్గించాడు. "మా ఇంటికి తెచ్చే సాళ్లకా?"

"ఆ. అమ్మ పురుగులొద్దనె, మీరు మందొద్దంటిరి. రెండూ యాడ కుదురుతాయప్పా? కడుక్కొని తింటే ఏం కాదని మీరే గదా సెప్తారు."

పక్కనే ఇద్దరు రైతులు వింటున్నారు. మందు చెడ్డదంటే అంగడి పోతుంది, మంచిదంటే వంకాయ పోతుంది. హరికృష్ణ అంగడినే కాపాడుకున్నాడు. మందు సీసా కాగితంలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

ఆ సాయంత్రమే మిద్దె మీదికి కుండీలు ఎక్కించాడు. ఇక సొంత పంటే తింటానన్నాడు. వంగనారు నాటి పశువుల ఎరువు వేశాడు, పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాడు. మొక్కలు ఏపుగా లేచాయి, వాటితోపాటే పేనుబంకా లేచింది. వేపనూనె కొట్టి చూశాడు. పురుగు తగ్గకముందే ఆయన ఓపిక తగ్గింది. అంగట్లోంచి సీసా తెచ్చి, ప్రేమలత పక్కింటికి పోయిన వేళ చూసి కొట్టాడు. ఎందుకైనా మంచిదని ఇంకో మూత ఎక్కువే కలిపాడు.

కాయలు నిగనిగలాడాయి. ప్రేమలత మురిసిపోయి గుత్తివంకాయ చేస్తానంది. హరికృష్ణ ఒక్కటీ మిగలకుండా కోసి సంచిలో వేసుకొని, ఆదోనిలో ఉన్న తోడల్లుడు సాయికుమార్ ఇంటికి బస్సెక్కాడు.

"మా మిద్దె మీద పండినవి. చుక్క మందు లేదు" అన్నాడు.

సాయికుమార్ భార్య సంతోషి అప్పటికప్పుడు కూర చేసి భోజనానికి పిలిచింది. హరికృష్ణ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు వంకాయ పడదమ్మా. పప్పు చాలు."

"అయితే మీ వంతూ పిల్లలకే బావా. ఇట్లాంటివి మాకు యాడ దొరుకుతాయి" అంటూ ఆమె పిల్లల కంచాల్లో మరో రెండేసి కాయలు వేసింది.

హరికృష్ణ గటగటా నీళ్లు తాగి, బస్సు దొరకదేమోనని పప్పన్నం సగంలోనే లేచాడు.